కొలపాత్రల సాక్ష్యము

కళ్లమున ధాన్యము కొలచునపుడు మనవారు మొదటి కుంచమును "ఒకటి" అని లెక్కింపరు. "లాభము" అని, ఆపైన "రెండు, మూడు" అని సాగింతురు. పని శుభముగా మొదలు పెట్టవలెనను తలంపుతో పుట్టిన యాచారమిది. ఇందు తప్పు పట్టవలసినది లేదు. కాని చరిత్ర చదువువాడు ఈ మాట విన్నప్పుడు ఒక ప్రశ్న వేయక తప్పదు. ఆ లాభ మెవరిది? కుంచము పట్టినవానిదా, గోనెసంచి పట్టినవానిదా? నోటిమాట ఇద్దరికిని సమానముగనే వినబడును. చేతిలోని పాత్ర మాత్రము ఇద్దరికిని సమానము కాకపోవచ్చును.

మన చరిత్ర గ్రంథములకు శాసనములు, కైఫీయతులు, నాణెములు ఆధారములు. వంటింటి మానికను, సంత తక్కెడను, అడవి గొడ్డలిని సాక్షులుగా పిలిచిన చరిత్రకారులు తక్కువ. ఈ వస్తువులు చదువు రానివారి చేతులలో మెలగినవి. అందుచే చదువుకొన్నవారి దృష్టికి రాలేదు. కాని ప్రతి వస్తువును ఎవరో ఒకరు తలచి చేసినదే. దాని వెడల్పు, లోతు, పిడి, గుర్తు అన్నియు ఒక నిర్ణయముయొక్క ఫలములు. ఆ నిర్ణయము ఎవరి సౌకర్యమునకై జరిగినదో విచారించినచో, శాసనము చెప్పని సంగతులను పాత్ర చెప్పును.

ఇట్టి విచారణకు పాశ్చాత్యదేశములలో ఈ నడుమ ఒక పేరు ఏర్పడినది. లండను నగరములోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్టున పనిచేసిన ఆంథొనీ డన్ 1999లో వెలువరించిన గ్రంథమున "క్రిటికల్ డిజైన్" అను మాటను ప్రయోగించెను. ఆయనయు, ఫియోనా రేబీ యను విదుషియు కలిసి దానిని ప్రచారమునకు తెచ్చిరి. సామాన్యముగా వస్తువును చేయువాడు "ఇది సులభముగా పనిచేయునా, అంగడిలో అమ్ముడు పోవునా" అని చూచును. వీరు "ఈ వస్తువు మనుష్యులను ఎట్టివారినిగా ఊహించుచున్నది, ఎట్టి నడవడిని సహజమని నమ్మించుచున్నది" అని చూచిరి. అంతటితో ఆగక, అమ్మకమునకు గాక ఆలోచన పుట్టించుటకే కొన్ని వస్తువులను చేసి చూపిరి. దీనిని మనము విమర్శక రూపకల్పన అనుకొనవచ్చును. పేరు క్రొత్తది, పని మనకు అపరిచితము కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ప్రహసనములలో చేసినది దీనికి దూరపు చుట్టమే. నిత్యము చూచి చూచి కన్నులకు కనబడకుండపోయిన నడతను రంగస్థలముమీద నిలిపి, చూపరులను నవ్వించి, ఆ నవ్వు తమపైననే యని గ్రహింపజేయుట ఆయన పద్ధతి. ఆయన మనుష్యుల నడతను పరీక్షించెను. మనము ఆ నడతకు సాధనములైన వస్తువులను పరీక్షింతము.

మొదట మన ప్రాచీనుల సాక్ష్యము వినవలెను. మైసూరులో శామశాస్త్రిగారు వెలికి తీసి 1909లో ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున, రెండవ అధికరణమందు, తూనికలకు కొలతలకు సంబంధించిన యధ్యాయమొకటి కలదు. అందు ద్రోణమను కొలపాత్ర ఒకటి గాదు, నాలుగు. రాజునకు రావలసిన ఆదాయమును కొలుచు ద్రోణము 200 పలముల మినుములు పట్టును. వర్తకులు వ్యవహరించునది 187½ పలములు. సేవకులకు జీతముగా ధాన్యమిచ్చునది 175 పలములు. అంతఃపురమునకు ఇచ్చునది 162½ పలములు. నాలుగింటికిని పేరొక్కటే. అనగా రాజు పుచ్చుకొన్న ఏడు ద్రోణములు సేవకులకు పంచునప్పటికి ఎనిమిది ద్రోణములగును. గింజ యొక్కటియు పెరుగలేదు. పాత్ర మాత్రము మారినది.

ఇది దొంగకొలత యని కౌటిల్యుని నిందింపరాదు. ఆయన దాచలేదు, పట్టిక వేసి చూపినాడు. తప్పుడు కొలతలకు దండనలను గూడ విధించినాడు. మనుస్మృతికారుడును తూనికలను, కొలతలను రాజు ముద్రింపించి, ఆఱు మాసముల కొకమాఱు మరల పరీక్షింపవలెనని చెప్పినాడు. మనము గ్రహింపవలసిన దేమనగా, ఇచ్చు కొలత యొకటి, పుచ్చుకొను కొలత యొకటి యుండుట దుర్మార్గుడైన ఏ యొక్క వర్తకుడో కనిపెట్టిన యుపాయము కాదు. అది పాలనలోనే, శాస్త్రములోనే చోటు చేసికొన్నది. కొలపాత్ర ప్రకృతి సిద్ధమైన వస్తువు కాదు, అధికారముయొక్క ఆకారము.

ఒకే పాత్రతో ఇచ్చి, ఒకే పాత్రతో పుచ్చుకొన్నను న్యాయము సిద్ధింపదు. ఇందుకు లెక్క చూడుడు. మూతి వ్యాసము 10 సెంటీమీటర్లు, లోతు 12.7 సెంటీమీటర్లు గల గుండ్రని పాత్ర అంచువఱకు ఒక లీటరు పట్టును. మూతి 14 సెంటీమీటర్లు, లోతు 6.5 సెంటీమీటర్లు గల పాత్రయు అంచువఱకు ఆ యొక్క లీటరే పట్టును. ముద్ర వేయు అధికారి నీటితో పరీక్షించినచో రెండును నిర్దుష్టములే. ఇప్పుడు రెండింటను గింజలను గోపురముగా పోయుడు. గింజలు 30 డిగ్రీల వాలున నిలుచునని యనుకొన్నచో, మొదటి పాత్రపై గోపురము సుమారు 75 మిల్లీలీటర్లు. రెండవదానిపై సుమారు 207 మిల్లీలీటర్లు. మూతి వెడల్పును రెట్టింపు చేసినచో గోపురము ఎనిమిది రెట్లగును. మఱియు గింజలను ఎత్తునుండి పోసినచో అవి కుదించుకొని ఎక్కువ పట్టును. మెల్లగా జార్చినచో తక్కువ పట్టును. ఇచ్చునపుడు అంచుమీద కఱ్ఱతో రాచి, పుచ్చుకొనునపుడు గోపురము పోయించుకొన్నవాడు, పాత్రను మార్చకయే నూటికి ఇరువదివంతులు సంపాదింపగలడు. అందు అబద్ధపు మాట యొక్కటియు నుండదు.

ఈ రహస్యమును మనవారే గాక ప్రపంచమున నెల్లవారును ఎఱుగుదురు. ఇంగ్లండు ప్రభువులు 1215లో రాజుచే ఒప్పించుకొన్న మాగ్నాకార్టాలో, ద్రాక్షసారాయమునకు, ధాన్యమునకు రాజ్యమంతట ఒకే కొలత యుండవలెనని ఒక నియమము కలదు. ఫ్రాన్సు దేశమున 1789లో విప్లవమునకు ముందు గ్రామములవారు తమ కష్టములను వ్రాసి పంపిన విజ్ఞప్తులలో, జమీందారుల కొలతలపై మొఱలు విస్తారముగా నున్నవి. మెట్రిక్ పద్ధతి శాస్త్రజ్ఞుల విద్యావినోదముగా పుట్టలేదు. కొలపాత్రవలన నష్టపోయినవారి కోపము దానికి వెనుక నుండెను. ఆ కోపమే మన గోదావరి తీరపు అడవులలో ఎట్లు వ్యక్తమైనదో చూతము.

భద్రాచలము తాలూకా 1860లో నిజాము ప్రభుత్వమునుండి ఇంగ్లీషువారికి సంక్రమించినది. కొంతకాలము మధ్యపరగణాలలో నుండి, 1874లో మదరాసు రాజధానికి చెందిన గోదావరి జిల్లాలో చేరినది. నదికి ఆవలి ఒడ్డున నున్న బూర్గంపాడు, పాల్వంచ ప్రాంతము నిజాము ఏలుబడిలోనే నిలిచినది. అందుచే ఎన్నో దశాబ్దములు ఒక్క నదికి రెండు ఒడ్డులలో రెండు ప్రభుత్వములు, రెండు పంచాంగ గణనలు, రెండు రూపాయలు చెల్లినవి. హైదరాబాదు హాలీ సిక్కా రూపాయలు ఏడు ఇచ్చినచో ఇంగ్లీషు రూపాయలు ఆఱు వచ్చుట సామాన్యపు మారకము. ఖమ్మము జిల్లా 1953లో ఏర్పడినది. భద్రాచలము 1959లో దానియందు చేరినది. 2014లో ఆ తాలూకాలోని దిగువ భాగములు పోలవరము నిర్మాణమునకై ఆంధ్రప్రదేశమున చేరినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వేఱైనది. సరిహద్దు గీత ఇన్నిమాఱులు కదలినను, ఆ యడవులలోని కోయలును, కొండరెడ్లును కదలలేదు. గీత కదలినప్పుడెల్ల వారి చేతికి వచ్చిన నాణెము, వారి శ్రమను కొలుచు పాత్ర మాత్రము మారినవి.

ఇందుకు మిక్కిలి స్పష్టమైన దృష్టాంతము గొడ్డలి. కొండలపై చెట్లు నఱకి, కాల్చి, ఆ బూడిదలో విత్తు పోడు వ్యవసాయమునకు మధ్యపరగణాల ప్రభుత్వము రేకపల్లి ప్రాంతమున విధించిన పన్ను గొడ్డలి యొక్కింటికి నాలుగణాలు. అక్కడ భూమిని కొలుచు గొలుసు లేదు, పటము లేదు. గొడ్డలియే కొలబద్ద. ఇంట నెన్ని గొడ్డండ్లో లెక్కించుటకు అధికారి చాలును. ఆ లెక్క సరియో కాదో తెలిసికొనుటకు కొండరెడ్డి చాలును. పన్ను న్యాయమైనదని నేను చెప్పుటలేదు. ఆ కొలత పన్ను కట్టువాని చేతిలోనిది, అతని కన్నులకు కనబడునది, అతడు సరిచూచుకొనగలిగినది. ఆ గుణ మొక్కటి దానికి గలదు.

1874లో తాలూకా మదరాసు ప్రభుత్వము క్రిందికి వచ్చినది. పోడు పన్ను ఇంచుమించు మూడు రెట్లైనది. కొన్ని తావులలో పోడు కొట్టరాదని నిషేధము గూడ వచ్చినది. ఇంతలో 1879లో పొరుగున నున్న రంపదేశమున తిరుగుబాటు లేచినది. అక్కడ కల్లుగీతపై చిగురుపన్ను ఒక కారణము. దిగువనుండి వచ్చిన వర్తకులు చిన్న ఋణములకు న్యాయస్థానములనుండి డిక్రీలు పొంది కొండవారి పశువులను, పంటను తరలించుకొనిపోవుట మఱియొక కారణము. ఆ యగ్ని ఆ సంవత్సరమే రేకపల్లికి వ్యాపించినది. దీనిని మన పాఠ్యపుస్తకములు "పన్ను హెచ్చింపుచే కలిగిన తిరుగుబాటు" అని ముగించును. పన్ను హెచ్చుటయు నిజమే. కాని డిక్రీ యనునదియు ఒక కొలతయే. దానిని వ్రాసినవాడు వేఱు, చదువగలవాడు వేఱు, దానివలన ఎద్దును పోగొట్టుకొన్నవాడు వేఱు. గొడ్డలిని లెక్కించుకొనగలవాడు కాగితమును లెక్కించుకొనలేకపోయెను.

ఇచట ఒక సంగతి జ్ఞాపకము చేసికొనదగినది. రేకపల్లి యడవులు రగిలిన రెండేండ్లకు, 1881 డిసెంబరులో, ఇదే గోదావరి దిగువ యొడ్డున రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ఒక్క నది నీరు, ఒక్క తరము మనుష్యులు. మన పిల్లలకు ఒకటి సంఘసంస్కరణమను శీర్షికక్రింద, వేఱొకటి గిరిజనుల తిరుగుబాటులను శీర్షికక్రింద బోధింతుము. రెండింటిలోను విషయ మొక్కటియే: బలహీనులపై బలవంతులు వేసిన కొలత న్యాయమైనదా యని యడుగుట. ఈ రెండు పుటలను కలిపి చదువనంతకాలము సంస్కరణ మన వీధి దాటి పోలేదని చెప్పవలెను.

ప్రభుత్వము తరువాత మేలుకొనలేదని యనరాదు. మదరాసు ప్రభుత్వము 1917లో ఏజెన్సీ ప్రాంతములకు ఒక చట్టము చేసి, వడ్డీని ఏడాదికి నూటికి 24 రూపాయలకు పరిమితము చేసెను. కొండవారి భూములు ఇతరులకు పోకుండ అడ్డు పెట్టెను. ఉద్దేశము మంచిదే. అయితే చట్టము రూపాయలలో ఆలోచించెను. అడవి గ్రామము గింజలలో బ్రతికెను. ధాన్యము అప్పిచ్చి, పంటకు హెచ్చు ధాన్యము పుచ్చుకొనుటను తెలంగాణమున నాగు అందురు. రాచి యిచ్చి గోపురముగా పుచ్చుకొన్న కుంచములో ఎంత వడ్డీ యున్నదో ఏ న్యాయాధిపతి లెక్కించును? పత్రముమీది వడ్డీకి చట్టము కలదు. పాత్ర మూతిపై నిలిచిన వడ్డీకి పేరే లేదు. ఈ నిశ్శబ్దమునే విమర్శక రూపకల్పన పట్టుకొనవలెనని నా యభిప్రాయము. అన్యాయము మనుష్యుని నోటినుండి తొలగి వస్తువుయొక్క ఆకారములో నివసించుట మొదలు పెట్టినప్పుడు, దానికి బాధ్యు లెవ్వరును కనబడరు.

స్వాతంత్ర్యానంతరము రెండు గొప్ప మార్పులు వచ్చినవి. 1956లో తూనికలకు కొలతలకు దేశమంతటికి చట్టమేర్పడి, 1958 అక్టోబరు మొదలు క్రమముగా కిలోగ్రామును, లీటరును ఆచరణలోనికి వచ్చినవి. ఆ 1956లోనే గిరిజనుల అటవీ ఫలసాయమును కొని, వారికి కావలసిన సరకులను అమ్ముటకు విశాఖపట్టణము కేంద్రముగా సహకార సంస్థ స్థాపితమైనది. గిరిజన సహకార సంస్థ యని మనమెఱిగినది అదియే. చింతపండు, ఇప్పగింజ, తేనె, బంక, కుంకుడుకాయ, చీపుళ్లు సంతలో వర్తకుని కుంచమునకే గాక సంస్థ తక్కెడకు గూడ ఎక్కనారంభించినవి. గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము, తూము, పుట్టి అను మన పురాతన సోపానము నెమ్మదిగా అటక యెక్కినది. ఊరూరికి కొలత మారు దుస్థితి తొలగుట గొప్ప మేలు. దానిని తక్కువ చేసి మాటలాడువాడు పాత కుంచముయొక్క దెబ్బ తినియుండడు.

అయినను సరియైన కొలతయే న్యాయమని పొరబడరాదు. భద్రాచలపు అడవికి పొరుగున నున్న బస్తరులో మానెడు ఉప్పునకు మానెడు సారపప్పు మార్చుకొన్న వృత్తాంతము ప్రసిద్ధము. అచట కొలతలో లోపము లేదు. పాత్ర యొక్కటే, అంచు ఒక్కటే. కాని ఉప్పు సముద్రతీరమున రాశులుగా దొరకునది. సారపప్పు వేసవి యెండలో చెట్టుచెట్టు తిరిగి, కాయ ఏరి, ఎండబెట్టి, పగులగొట్టి తీసినది. సమానమైన పాత్ర అసమానమైన శ్రమను కప్పిపెట్టినది. అబద్ధపు తూకమును పట్టుకొనుటకు ముద్రాధికారి కలడు. సత్యమైన తూకములో దాగిన అన్యాయమును పట్టుకొనుటకు వేఱొక కన్ను కావలెను.

తునికాకు కట్టనుగూడ అట్లే చూడవలెను. వేసవిలో, ముఖ్యముగా ఏప్రిలు మే నెలలలో, తెల్లవాఱకమునుపే ఆడువారు, పిల్లలు అడవికి పోయి ఆకు కోసి, ఇంటికి తెచ్చి, ఏబది ఆకులకొక కట్టగా కట్టి కల్లమునకు చేర్తురు. వేయి కట్టలు, అనగా ఏబది వేల ఆకులు, ప్రమాణమైన యొక సంచి. ఈ వ్యాపారమును క్రమపఱచుటకు 1971లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము చట్టము చేసినది. ఏబది యను సంఖ్యలో మోసమేమియు లేదు. బీడీ ఆకుల లెక్కకు అది యనుకూలము. కాని ఆ కట్ట దేనిని లెక్కించుచున్నది, దేనిని లెక్కింపకున్నది? చినిగిన యాకు కట్టలోనికి రాదు. దానిని కోసిన శ్రమ లెక్కలోనికి రాదు. నడచిన దూరము రాదు. చంటిపిల్లను చెట్టు నీడన పండుకోబెట్టి కోసిన గంటలు రావు. ఎలుగుబంటి భయము రాదు. కూలి కట్టకు గాని దినమునకు కాదు గనుక, అడవి పలుచనైన యేట నష్టమంతయు కోయు చేతిదే. రేటు పెంచుమని పోరాడినవారు న్యాయమే చేసిరి. కట్ట యను కొలతయే ఎందుకు, దినమను కొలత ఎందుకు కాదు అను ప్రశ్న దానికంటె లోతైనది.

గత దశాబ్దమున ఈ వరుసలోనికి మఱియొక క్రొత్త పాత్ర వచ్చినది. చౌకధరల దుకాణమున బియ్యము పుచ్చుకొనుటకు వేలిముద్ర చదువు యంత్రము. దొంగకార్డులు, దొంగలెక్కలు అరికట్టుటకు దీనిని పెట్టిరి. ఆ మేలు కాదనరానిది. వేలిముద్ర పడనిచోట కనుపాపను చూచుట, ఫోనునకు సంఖ్య పంపుట వంటి ఏర్పాట్లును గలవు. కాని వస్తువును మన పద్ధతిని విచారింతము. ఇది ఎవరిని అనుమానించుచున్నది? బియ్యము కోరి వచ్చినవానిని. ఎట్టి వ్రేళ్లను ఊహించుచున్నది? మెత్తనివానిని. వెదురు నఱకి, మట్టి త్రవ్వి, మిరప కోసి గీతలు అరిగిన వ్రేళ్లు దానికి సందేహాస్పదములు. ఎట్టి యూరిని ఊహించుచున్నది? ఫోను సంకేతము చక్కగా అందు ఊరిని. గుట్టల నడుమ గూడెములో సంకేతము అందనిచో, యంత్రము తప్పని ఎవ్వరు ననరు. "నీ వేలు పడలేదు" అందురు. ఈ చిన్న వాక్యమున చరిత్ర యంతయు నిమిడి యున్నది. కుంచము కాలమున "నీ ధాన్యము తగ్గినది" అనిరి. డిక్రీ కాలమున "నీ సంతకమే కదా" అనిరి. పాత్రలు మారినను, తప్పు నిలుచు ఒడ్డు మారలేదు.

ఇట్టి వస్తువును తలక్రిందులు చేసి చూచుటయే ఆ లండను పండితుల విద్యలోని సారము. మాటకు ఒక యంత్రమును ఊహింతము. అందు వేలిముద్ర వేయవలసినది బియ్యము తీసికొనువాడే. కాని తాను మనిషినని నిరూపించుకొనుటకు కాదు. "తూకము సరిపోయినది, బియ్యము తినదగినది, నన్ను మర్యాదగా పిలిచిరి" అని ఒప్పుకొనుటకు. ఆ ముద్ర పడినగాని దుకాణమునకు కమీషను రాదు, సరఫరా చేసిన యధికారి లెక్క ముగియదు. వేలు పడలేదా? బియ్యము మొదటనే ఇంటికి చేరినది గనుక ఆకలి యుండదు. ఆగిపోవునది కమీషను మాత్రమే. అప్పుడు చూడుడు, గుట్టమీదికి సంకేతస్తంభము ఎంత శీఘ్రముగా వచ్చునో! ఈ యంత్రమును ఎవ్వరును రేపు చేసి పెట్టరు. కాని దానిని ఊహించిన క్షణమున, ఇప్పుడున్న యంత్రము ప్రకృతి నియమము కాదని, ఎవరో ఒక దిక్కున నిలిచి చేసిన నిర్ణయమని తేటపడును. విమర్శక రూపకల్పనయొక్క ప్రయోజన మింతియే. ఇంతియే చాల పెద్దది.

కావున ప్రతి సాధనమును నాలుగు ప్రశ్నలు అడుగవలెను. దీని యాకారమును నిర్ణయించినవా రెవరు? వాడునపుడు ఇది ఎవరి చేతిలో నుండును? ఇది తప్పినచో నష్టము ఎవరిది? ఇది తప్పినదని సరిచూచుకొను శక్తి ఎవరికి గలదు? నాలుగింటికిని ఉత్తరము ఒక్క మనుష్యుడే యైనచో, రేకపల్లి గొడ్డలివలె, ఆ వస్తువు పేదదైనను మర్యాద గలది. మొదటి రెండింటికి ఒకరును, మూడవదానికి వేఱొకరును, నాలుగవదానికి ఎవ్వరును లేకున్నచో ఆ వస్తువు ఎంత నాజూకైనదైనను సంస్కరింపదగినది. అడవిహక్కులనుగూర్చి 1996లోను, 2006లోను చేసిన చట్టములు అటవీ ఫలసాయముపై గ్రామసభకు, అచటి వారికి హక్కు గలదని యొప్పుకొన్నవి. హక్కు కాగితముపై గలదు. తక్కెడ ఎవరి చేత నున్నదన్నది ఆ హక్కునకు నిత్యపరీక్ష.

ఈ పత్రికను ఇంట చదువుకొను సోదరీసోదరులు ఇది అడవి సంగతి కదా యని ప్రక్కకు పెట్టరాదు. అటకపై మీ తాతగారినాటి మానికలు రెండున్నచో దింపి, నీటితో కొలచి చూడుడు. ఒకటి మూతి వెడల్పుగను, ఒకటి ఇఱుకుగను ఉన్నచో, ఏది ధాన్యము ఇంటికి వచ్చునపుడు వాడిరి, ఏది కూలి కొలచునపుడు వాడిరి అని ఇంటి పెద్దలను మెల్లగా అడుగుడు. మానికలు లేని యిండ్లలో పనిమనిషికై గూటిలో వేఱుగా పెట్టిన గ్లాసు ఉండవచ్చును. అంటరానితనమును రాజ్యాంగముయొక్క పదునేడవ అధికరణము 1950లో రద్దుచేసినది. ఆ గ్లాసు రాజ్యాంగమును చదువలేదు. దాని రంగు, దాని సొట్ట, దానిని పెట్టిన చోటు మన పెదవులు పలుక సాహసింపని మాటను ప్రతి ఉదయమును పలుకుచున్నవి. "మాకు కులభేదము లేదు" అను గృహస్థుని యిల్లు ఒకటి చెప్పును, గ్లాసు ఒకటి చెప్పును. సాక్ష్యమున భేదము వచ్చినపుడు న్యాయాధిపతి వస్తువునే నమ్మును.

అదే విధమున, పనిమనిషి శ్రమను మనము గంటలతో కొలుచుచున్నామా, "పని యయినదా" అను మాటతో కొలుచుచున్నామా? మన యుద్యోగమునకు గడియారము కలదు. ఆమె పనికి మాత్రము అంట్ల గిన్నెల రాశియే కొలబద్ద. చుట్టము లిరువురు వచ్చిననాడు ఆ రాశిపై గోపురము నిలుచును. కూలి మాత్రము అంచుకు రాచినదే. సంతలోని వర్తకుని నిందించుటకు నోరు తెఱచు మనము, మన వంటింటి గోపురమును చూడవలదా?

సంస్కరణ మనగా ఉపన్యాసము, తీర్మానము, చట్టము అని మన తరము నేర్చుకొన్నది. అవి యవసరములే. కాని ఉపన్యాసము ముగిసిన పిమ్మట మనుష్యుడు ఇంటికి పోయి మరల ఆ గ్లాసునే ముట్టును, ఆ తక్కెడనే ఎత్తును. వస్తువు మారనిచో నడత మాఱదు. వస్తువును ప్రశ్నింపనిచో అది మాఱదు. ఈ వేసవిలో మీ యింటి పిల్లలకు ఒక పని యప్పగింపుడు. ఇంటిలోని ఏదో ఒక వస్తువును తీసికొని, పై నాలుగు ప్రశ్నలు వేసి, ఉత్తరములు వ్రాయుమనుడు. పిదప దానిని దుర్బలుని పక్షమున మరల చేయవలసి వచ్చినచో ఎట్లు చేయుదురో బొమ్మ గీయుమనుడు. బొమ్మ వంకరగా నున్నను చింత లేదు. కళ్లమున మొదటి కుంచమును లెక్కించుచు "లాభము" అని పిలుచునపుడు, ఆ పిలుపు రాశికి ఇరువైపుల నిలిచిన ఇద్దరికిని నిజము కావలెనను కోరిక వారికి కలిగినచో చాలును.